గర్భసంచిలో గడ్డలు, తీసేయాలంటున్నారు.. తీయకుండా వేరే దారి ఉందా?

నిజాంపేట్ టీచరమ్మ:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 43, ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్, చిన్నోడు ఎనిమిది. ఏడాదిన్నర నుంచి డేట్ దగ్గరికొస్తోందంటేనే గుండె దడ, మొదటి మూడు రోజులు గంటకో ప్యాడ్, పాఠం మధ్యలో పక్క టీచర్‌కి అప్పజెప్పి పరిగెత్తాల్సొస్తోంది, ముదురు రంగు చీరలు తప్ప కట్టడం మానేశా. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. మొన్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. స్కానింగ్‌లో రెండు గడ్డలు, ఒకటి 6.2 సెంటీమీటర్లు ఇంట్రామ్యూరల్ అని, ఇంకోటి 2.4 సబ్‌మ్యూకస్ అని రాశారు. మా ఇంటి దగ్గర హాస్పిటల్లో మేడమ్ రిపోర్ట్ అటూ ఇటూ తిప్పి "పిల్లలు పుట్టేశారు కదమ్మా ఇంకా ఆ సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవ్వచ్చు, బుధవారం పెట్టుకుందాం" అనేశారు, నేను కుర్చీలో సరిగ్గా కూర్చోను కూడా లేదు. మా అత్తగారు 38కే తీయించేసుకున్నారు, ఆవిడ "దానికింత ఆలోచనేంటి" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. కోత లేకుండా చేసేవి ఏవో ఉన్నాయని విన్నా, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాలపిట్ట:
అక్కా ముందుగాల ఆ బుధవారం క్యాన్సిల్ చెయ్యి. గిది గంటల్ల తీసుకునే నిర్ణయం కాదు. నాది చెప్తా విను, మాది నల్గొండ దిక్కు ఊరు, 36 ఏండ్లకు నాకు గిట్లనే బ్లీడింగ్ అయితే సంచి తీసేసిండ్రు, సంచితో పాటు అండాశయాలు గూడ తీసేసిండ్రని నాకు రెండేండ్ల తర్వాత ఇంకో డాక్టర్ కాయితాలు చూసి చెప్తే ఎరుకైంది. అప్పటికే ఒంట్ల ఆవిర్లు, రాత్రి నిద్ర లేదు, మోకాళ్లు పట్టేసుడు. ఇప్పుడు 44, ఎముకల పరీక్ష చేస్తే పలచగైనయి అన్నరు. నాకు గడ్డ ఎంతున్నదో, ఎక్కడున్నదో ఎవ్వరు చెప్పలే, నేను గూడ అడగలే. మన రెండు రాష్ట్రాలల్లనే ఇది ఎక్కువట, 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేల 15 నుంచి 49 ఏండ్లోళ్లల్ల దేశం మొత్తం మీద నూటికి 3 మందికి సంచి తీసేస్తే ఆంధ్రల దాదాపు 9, తెలంగాణల 8కి దగ్గర. దీని మీద సుప్రీంకోర్టు గూడ 2023ల రాష్ట్రాలకు చెప్పింది, అవసరం లేని సంచి ఆపరేషన్లు ఆపేటందుకు పద్ధతులు పెట్టుండ్రి అని. పోయి ఇంకో డాక్టర్‌ను అడుగు, సిగ్గు పడకు.

రేడియో తరంగం:
నేను రేడియాలజీలో పీజీ చేస్తున్నా, కాలేజీ పేరు అడగొద్దు. మీ రిపోర్ట్ చూడకుండా ఇది చేయించుకోండి అని చెప్పలేను కానీ అర్థం చేసుకోడానికి రెండు ముక్కలు చెప్తా.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోంచే పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు. 50 ఏళ్లొచ్చేసరికి ఎక్కువ మంది ఆడవాళ్లలో చిన్నదో పెద్దదో ఉంటుంది, సగం మందికి ఉన్నట్టే తెలీదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ మీద బతుకుతుంది కాబట్టి ముట్లుడిగాక దానంతటదే కుంచించుకుపోతుంది. ఇక క్యాన్సర్ భయం.. గడ్డ అనుకుని ఆపరేషన్ చేస్తే లోపల సార్కోమా అనే క్యాన్సర్ బయటపడ్డది ఎంతమందికి అని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2014లో లెక్క వేస్తే సుమారు 350 మందిలో ఒకరికి అని వచ్చింది, మిగతా లెక్కలు చాలావరకు ఇంకా తక్కువే చెప్తాయి. ముట్లుడిగాక కూడా గడ్డ పెరుగుతుంటే అనుమానించాలి. 43 ఏళ్లకి మామూలు గడ్డని చూపించి క్యాన్సర్ మాట అనడం నాకు నచ్చలేదు.

అసలు ప్రశ్న ఎంత పెద్దది అని కాదు, ఎక్కడుంది అని. గర్భసంచిని ఒక గది అనుకోండి, గోడ లోపల ఇరుక్కున్నది ఇంట్రామ్యూరల్, గోడ బయటికి తోసుకున్నది సబ్‌సీరోసల్, గదిలోకి తోసుకొచ్చింది సబ్‌మ్యూకస్. ఫిగో అని ఒక వర్గీకరణ ఉంది, 0 నుంచి 8 వరకు నంబర్లు, 0 అంటే పూర్తిగా గదిలో వేలాడుతుంది, 1 అంటే సగానికి పైగా గదిలోనే, 2 అంటే సగమో అంతకంటే ఎక్కువో గోడలో. మీరందరూ 6.2 చూసి భయపడుతున్నారు, నాకైతే అనుమానం ఆ 2.4 మీద. లోపలి పొరని ఆనుకుని ఉన్న చిన్న గడ్డే ఒక్కోసారి బకెట్ల కొద్దీ బ్లీడింగ్ తెస్తుంది. దానికి కింద నుంచి కెమెరా పెట్టి గీకి తీసేసే పద్ధతి ఉంది, హిస్టెరోస్కోపీ అంటారు, పొట్ట మీద ఒక్క గాటు ఉండదు. అది 0నా 1నా 2నా అన్నది ఎమ్మారైలో గానీ, సెలైన్ ఎక్కించి చేసే స్కానింగ్‌లో గానీ తేలుతుంది. ముందు అది చేయించండి. ఈ లోపు 7.4తో తిరగకండి.

చారుపోపు:
తరంగం గారు ఎంబొలైజేషన్ గురించి చెప్తారేమో అని చూశా, నేనే చెప్తా, నాకు 2021లో అయింది. నాది ఒకటే గడ్డ, 8 సెంటీమీటర్లు, గోడలో. నాకు షుగర్, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, పెద్ద ఆపరేషన్ అంటే మా ఇంట్లో అందరికీ భయం. దీన్ని గైనిక్ డాక్టర్ చేయరండీ, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ అని వేరే ఉంటారు, గుండెకి స్టెంట్ వేసే లాంటి గదిలోనే చేస్తారు. నాకు మణికట్టు దగ్గర మత్తు సూది ఇచ్చి సన్నటి ట్యూబ్ రక్తనాళంలోంచి కిందిదాకా పంపారు, కొందరికి తొడ మొదట్లోంచి పంపుతారట. గర్భసంచికి రక్తం తీసుకెళ్లే రెండు నాళాల్లోకి ఇసక రేణువుల్లాంటివి వదులుతారు, గడ్డకి తిండి ఆగిపోయి ఎండిపోతుంది. నేను మెలకువగానే ఉన్నా, టెక్నీషియన్లు క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు అదీ వినిపించింది.

కానీ "నొప్పి లేని చికిత్స" అని పాంఫ్లెట్‌లో రాసింది మాత్రం నమ్మకండి. గంట తర్వాత మొదలైంది చూడండి, పురిటి నొప్పులకి చెల్లెలు. ఆ రాత్రంతా పెయిన్ పంప్ పెట్టారు. మర్నాడు సాయంత్రం ఇంటికి పంపేశారు, తర్వాత నాలుగైదు రోజులు కొద్దిగా జ్వరం, వికారం, ఎర్రగా డిశ్చార్జ్. పదో రోజు ఆఫీసుకి వెళ్లా. మూడో నెలకి బ్లీడింగ్ సగానికి పైగా తగ్గింది, ఆర్నెల్ల స్కాన్‌లో 8 కాస్తా 5 అయింది. మాయమైపోతుంది అనుకోకండి, ఎండిన ఉసిరికాయలా లోపలే ఉంటుంది, ఇబ్బంది పెట్టదు అంతే. మొత్తం లక్షా అరవై వేలు అయింది, ఇన్సూరెన్స్ ఇచ్చింది. చాలా పాలసీల్లో ఫైబ్రాయిడ్స్‌కి రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, కొత్త పాలసీ అయితే ముందే చూసుకోండి.

సనత్‌నగర్ శ్రీవారు:
మా ఆవిడ తరపున అడుగుతున్నా, ఆవిడ చూస్తే "నీకెందుకు ఇవన్నీ" అంటుంది. ఈ ఎంబొలైజేషన్ ఎప్పటి నుంచి ఉంది, కొత్త ప్రయోగమా? ఇంకా సౌండ్‌తో గడ్డ కరిగించేస్తారని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

రేడియో తరంగం:
శ్రీవారూ, ప్రయోగం దశ ఎప్పుడో దాటింది. 1995లో పారిస్‌లో రవీనా అనే డాక్టర్ బృందం లాన్సెట్‌లో రాసింది. తమాషా ఏంటంటే వాళ్లు మొదలుపెట్టింది ఆపరేషన్‌కి ముందు రక్తస్రావం తగ్గించడానికి, తీరా చూస్తే కొందరికి బాధలన్నీ తగ్గిపోయి ఆపరేషనే అక్కర్లేకపోయింది.

సౌండ్ కూడా నిజమే, హైఫు అంటారు. భూతద్దంతో ఎండని కాగితం మీద ఒక చుక్క చేస్తే కాలుతుంది కదా, అలా అల్ట్రాసౌండ్ తరంగాలని గడ్డలో ఒక చోట కలిపి వేడి చేసి చంపుతారు, కోత ఉండదు, గడ్డలోకి సూది కూడా గుచ్చరు. ఎమ్మారైలో చూస్తూ చేసే మిషన్‌కి అమెరికాలో 2004లోనే అనుమతి వచ్చింది. కానీ అందరికీ కుదరదు, ఎమ్మారైలో తెల్లగా మెరిసే గడ్డలు సరిగ్గా కాలవు, గడ్డకీ పొట్టకీ మధ్య పేగు అడ్డొస్తే చేయరు, చాలా గడ్డలుంటే కూడా కష్టం. పైగా మిషన్ ఉన్న చోట్లు తక్కువ. ఇంకోటి రేడియోఫ్రీక్వెన్సీ, సూది గుచ్చి లోపల వేడి చేయడం, ల్యాప్రోస్కోపీతో, అంటే పొట్టకి చిన్న చిల్లులు పెట్టి చేసేది 2012లో, కింద నుంచి చేసేది 2018లో అక్కడ అనుమతి పొందాయి. మీ ఆవిడకి నా నమస్కారాలు, ఈసారి ఆవిణ్ణే అడగమనండి, వయసూ గడ్డ సైజూ లేకుండా మీరు అడిగితే నేనేం చెప్పను.

మెట్రో పిల్ల:
నాకు 31, పెళ్లయి ఏడాది, ఎల్బీనగర్ నుంచి రోజూ అమీర్‌పేట ఆఫీస్. 5 సెంటీమీటర్లది ఉంది, పిల్లలు కావాలి. చారుపోపు గారిది చదివి నేనూ ఎంబొలైజేషన్ చేయించుకుందామా అనుకుంటున్నా..

చారుపోపు:
వద్దమ్మా, పిల్లలు కావాలనుకునేవాళ్లకి మామూలుగా దాన్ని ముందు పెట్టరు అని నాకు డాక్టర్ మొదటి రోజే చెప్పారు. తరంగం గారిని అడుగు.

రేడియో తరంగం:
అవును. తర్వాత గర్భం రాదని కాదు, వచ్చినవాళ్లు ఉన్నారు, కానీ అండాశయం మీద, మాయ అంటుకోవడం మీద ప్రభావం గురించి భరోసా సరిపోదు. మీ వయసుకి గడ్డ మాత్రమే తీసే మయోమెక్టమీ గురించి మాట్లాడతారు, అది కూడా ఆ గడ్డ నిజంగా అడ్డం అయితేనే. గదిని వంకర చేయని గడ్డ ఉన్నా చక్కగా కనేవాళ్లు బోలెడు మంది.

అంబర్‌పేట్ అక్క:
మెట్రో పిల్లా, నాకు మయోమెక్టమీ అయింది కీహోల్‌లో, నాలుగు చిన్న చిల్లులు, రెండు రాత్రులు హాస్పిటల్, మూడు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. ఆర్నెల్లు ఆగి ట్రై చేయమన్నారు, ఇప్పుడు బాబుకి రెండేళ్లు, సిజేరియన్ అయింది ఎందుకంటే సంచి మీద కుట్టు ఉంది కదా నొప్పులకి ఆగుతుందో లేదో అని. ఒక్కటి మాత్రం ముందే అడుగు, గడ్డని లోపలే ముక్కలు చేసి తీస్తారు కదా, ఒక బ్యాగ్‌లో పెట్టి కోస్తారా ఊరికే కోస్తారా అని. 2014లో ఎఫ్‌డీఏ దాని మీదే హెచ్చరిక ఇచ్చింది, పొరపాటున లోపల చెడ్డ గడ్డ ఉంటే ముక్కలు పొట్టంతా చల్లినట్టు అవుతుందని. నాకు చేసిన డాక్టర్ అడగ్గానే నవ్వి "బ్యాగ్‌లోనేనమ్మా" అన్నారు, కోప్పడలేదు. ఇంకా గడ్డలు మళ్లీ రావచ్చు, నాకు 1.5ది ఒకటి కొత్తది ఆల్రెడీ ఉంది, దాన్ని పట్టించుకోవట్లేదు.

వేపచెట్టు:
ఇవన్నీ డబ్బులు గుంజే పనులు. అశోక బెరడు కషాయం 41 రోజులు తాగితే ఎంత గడ్డయినా కరుగుతుంది, మా పిన్నికి కరిగింది.

పాలపిట్ట:
పిన్నిగారి వయసెంత అన్నా?

వేపచెట్టు:
52. ఎందుకు?

పాలపిట్ట:
ముట్లు ఆగినంక చానమందివి వాటంతటవే కరుగుతయి. కషాయం కాదు, కాలం.

సైనిక్‌పురి పెద్దమ్మ:
అందరూ ఆపరేషన్‌ని బూచిని చేసేస్తున్నారు కాబట్టి నేనూ రాస్తా. నాకిప్పుడు 58, 46లో సంచి తీయించుకున్నా, తొమ్మిది గడ్డలు, సంచి ఐదో నెల కడుపంత ఉండేది, ఒంటేలుకి అరగంటకోసారి, రెండుసార్లు రక్తం ఎక్కించుకున్నా. అన్నీ వాడా, హార్మోన్ మాత్రలు వాడా, వాడినన్నాళ్లు ఆగడం మానేస్తే మళ్లీ మొదలు. చివరికి తీయించుకున్నాక పన్నెండేళ్ల నుంచి హాయిగా ఉన్నా, ముందే చేయించుకుని ఉంటే బాగుండేది అనిపించింది. అండాశయాలు ఉంచమని గట్టిగా చెప్పా, ఉంచారు. ఆపరేషన్ తప్పు కాదమ్మా, అడక్కుండా చేయడం తప్పు. మళ్లీ రాదు అని హామీ ఉన్నది దీనికొక్కదానికే.

బాలానగర్ బుజ్జి:
పెద్దమ్మ మాటకి నా ఓటు. నాకు 39లో ఎంబొలైజేషన్ అయింది, మూడేళ్లు బాగుంది, నాలుగో ఏడు మళ్లీ మొదలై చివరికి సంచి తీయించుకున్నా. రెండు ఖర్చులు, రెండు సెలవులు. చేసేముందు ఇలా కావచ్చని నాకెవరూ చెప్పలేదు.

రేడియో తరంగం:
బుజ్జి గారిది అరుదైన కథ కాదు. నెదర్లాండ్స్‌లో ఎమ్మి అని ఒక ట్రయల్‌లో పదేళ్లు వెంటపడి చూస్తే ఎంబొలైజేషన్ చేయించుకున్నవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది సంచి తీయించుకోకుండా గడిపారు, అంటే మిగతా వొంతు తీయించుకున్నారు. బ్రిటన్‌లో 254 మందితో ఫెమ్ అని ఇంకోటి చేశారు, 2020లో వచ్చింది, మయోమెక్టమీతో పోల్చితే రెండేళ్లకి రెండు రకాలవాళ్లూ బాగుపడ్డారు కానీ మయోమెక్టమీ వాళ్లు కాస్త ఎక్కువ. మా డిపార్ట్‌మెంట్ వాళ్లు చదివితే నన్ను తిడతారు కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. అదే సమయంలో 45 దాటినవాళ్లకి ముట్లుడిగే రోజు దగ్గర్లోనే ఉంటుంది, ఆ నాలుగైదేళ్లు దాటేస్తే చాలు, వాళ్లకి ఈ లెక్క వేరేలా కనిపిస్తుంది.

నిజాంపేట్ టీచరమ్మ:
అందరికీ థాంక్స్, రెండు వారాలుగా రాయలేకపోయా. బుధవారం వెళ్లలేదు. పాలపిట్ట మాట విని సిటీలో ఒక ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లా, తెల్లారి ఏడింటికే ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడ్డా, పన్నెండున్నరకి చూశారు. పెద్ద మేడమ్ ముందు కన్ను కింద రెప్ప లాగి చూసి "ముందు నీ రక్తం సంగతి" అన్నారు, గడ్డ గురించి తర్వాత. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, ఎఫ్‌సీఎం అట, పావుగంట. భోజనం అయిన వెంటనే టీ తాగుతావా అని అడిగారు, తాగుతానంటే చివాట్లు, ఐరన్ ఒంటికి పట్టదట. డేట్ టైమ్‌లో వేసుకోడానికి బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సమిక్ మాత్రలు రాశారు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా అని రెండుసార్లు అడిగాక. నేను మిరెనా లూప్ (గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్) గురించి అడిగితే లోపల గడ్డ ఉంటే అది జారి బయటికొచ్చే ఛాన్స్ ఎక్కువ, ముందు ఆ గడ్డ సంగతి చూద్దాం అన్నారు.

ఎమ్మారై బయట తీయించా. రిపోర్ట్ వచ్చింది. 2.4ది ఫిగో 1 అట. తరంగం గారూ, మీరు చెప్పిందే! మేడమ్ ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూపించారు, గదిలోకి బఠాణీ గింజలా పొడుచుకొచ్చింది. 6.2ది గోడలో పడి నిద్రపోతోంది, లోపలి పొరని తాకట్లేదు. "దొంగ ఇది, నువ్వు పక్కింటి పెద్దాయన్ని పట్టుకున్నావ్" అన్నారు. హిస్టెరోస్కోపీకి వచ్చే నెల డేట్ ఇచ్చారు.

పాలపిట్ట:
ఓ దండం ఆ మేడమ్‌కు. నాకప్పుడు గట్ల ఎవ్వరన్న ఫిల్మ్ చూపించి ఉంటే.. సరే తియ్. మంచిగ చేపిచ్చుకో అక్కా.

మెట్రో పిల్ల:
ఎమ్మారైలో భయం వేయలేదా? నాకు లిఫ్ట్‌లోనే ఊపిరాడదు.

నిజాంపేట్ టీచరమ్మ:
వేసింది. చేతిలో ఒక బంతి ఇస్తారు, నొక్కితే ఆపేస్తారు. అరగంట డ్రిల్లింగ్ మిషన్ పక్కన పడుకున్నట్టు. నేను కళ్లు మూసుకుని పదిహేడో ఎక్కం నుంచి మొదలుపెట్టి ఇరవై మూడో ఎక్కం దాకా చదివా.

నిజాంపేట్ టీచరమ్మ:
అప్‌డేట్. అయిపోయింది, మూడు నెలలు కూడా దాటింది, ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకండి పరీక్షల పేపర్లు దిద్దుతున్నా. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లా, మత్తు ఇచ్చారు, నలభై నిమిషాలట, నాకు తెలీదు. సెలైన్‌తో లోపల ఉబ్బించి చేస్తారు కాబట్టి ఎంత నీళ్లు పోయాయి ఎంత వచ్చాయి అని ఒక సిస్టర్ లెక్క రాస్తూనే ఉందని మా ఆయన చెప్పారు, ఎక్కువ ఒంట్లోకి పోతే ప్రమాదమట. నా వయసుకి అవసరమని అప్పుడే లోపలి పొర బయాప్సీ కూడా తీశారు. సాయంత్రానికి ఇల్లు. రెండ్రోజులు డేట్ నొప్పిలా, వారం పాటు కొంచెం మరకలు, అంతే. తీసిన ముక్క రిపోర్ట్‌లో లియోమయోమా, అంటే మామూలు ఫైబ్రాయిడే, బయాప్సీ నార్మల్. మొన్నటి డేట్‌కి రోజుకి నాలుగు ప్యాడ్లు, నాలుగు రోజులు. హిమోగ్లోబిన్ 11.2. మా అత్తగారు "అంతేనా, కుట్లే లేవా" అని పొట్ట చూసి మరీ నమ్మారు, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సైనిక్‌పురి పెద్దమ్మ:
చల్లగా ఉండు తల్లీ. అత్తగారిని కూడా ఒకసారి ఎముకల పరీక్షకి తీసుకెళ్లు, 38 అంటే చాలా చిన్న వయసు.

నిజాంపేట్ టీచరమ్మ:
అదే అనుకున్నానండీ, వచ్చే శనివారం తీసుకెళ్తున్నా.

రేడియో తరంగం:
చాలా సంతోషం. ఆ 6.2ని మాత్రం మర్చిపోకండి, ఆర్నెల్లకోసారి స్కాన్, చెప్పిన టైమ్‌కి. ఎమ్మారై సీడీ పారేయొద్దు, పెరిగిందా లేదా అన్నది పాతదాంతో పోల్చితేనే తెలుస్తుంది. మా దగ్గరికొచ్చే పేషంట్లలో సగం మంది రిపోర్ట్ కాగితం తెస్తారు, సీడీ అడిగితే పిల్లలు ఆడుకుంటున్నారండీ అంటారు.

నిజాంపేట్ టీచరమ్మ:
మా ఆయన దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టారండీ, రోజూ కనిపిస్తే పోదట. ఇప్పుడు నేను బియ్యం తీసిన ప్రతిసారీ దాన్ని ముందు పక్కన పెట్టాలి.